గెయిటీ మొదలుకొని మా పేట టాకీసు వఱకు: చెన్నపట్నపు ఆపరేటరు గది

చెన్నపట్నమున మౌంటురోడ్డు తపాలా కార్యాలయపు ఆవరణలో పాతకాలపు చిన్న కట్టడ మొకటి కలదు. నేడది తపాలా బిళ్ళలు సేకరించువారికి నెలవు. 1913 ప్రాంతమున వార్విక్ మేజర్ అను ఆంగ్లేయుడు ఎలక్ట్రిక్ థియేటరను పేర కదలు బొమ్మలను చూపించిన శాల యదియే. 1915లో తపాలా శాఖవారు దానిని కొనిరి. కొన్నందువలననే యది నేటికిని నిలిచియున్నది. అచ్చటినుండి కొంత దూరము నడచి బ్లాకర్సు రోడ్డు వైపు తిరిగినచో, 1914లో ఒక తెలుగువాడు కట్టించిన గెయిటీ థియేటరు ఉండిన చోటు వచ్చును. దక్షిణ దేశమున భారతీయుల సొత్తుగా వెలసిన శాశ్వత సినిమాశాలలలో అది మొట్టమొదటివానిలో నొకటి. ఈ శతాబ్దపు తొలినాళ్ళలో అది మూతపడెను, పిదప కూల్చివేయబడెను. పరదేశి శాల తపాలా బిళ్ళల పుణ్యమా యని బ్రదికినది. మనవాని శాలకు అట్టి యదృష్టము పట్టలేదు.

ఈ వ్యాసమునకు గెయిటీ యొక్కటియే విషయము కాదు. గెయిటీ వంటి శాలలలో ఆరంభమైన యొక వృత్తిని గూర్చియు, ఆ వృత్తి నడచిన గదిని గూర్చియు వ్రాయదలచితిని. నటులను, దర్శకులను, నిర్మాతలను గూర్చి మనవారు చాల వ్రాసిరి. స్టూడియోల చరిత్రలును కొన్ని వెలువడినవి. ప్రేక్షకుల వెనుక, ఎత్తున, గోడకు చిన్న చిన్న కంతలుగల గదిలో నిలిచి బొమ్మను ఆడించినవారి ఊసు మాత్రము వానిలో అరుదు. మా పెదతండ్రిగారు అట్టివారిలో నొకరు. కావున ఈ విషయమున నాకు పక్షపాతము కలదని ముందుగనే యొప్పుకొనుచున్నాను.

గెయిటీ వెలసిన తావు తెలుగువారికి క్రొత్త కాదు. 1639లో కుంఫిణీవారికి ఈ తీరపు నేలను ఒసగిన దామెర్లవారు తెలుగు నాయకులు. బ్లాకర్సు రోడ్డునకు దాపున నున్న చింతాద్రిపేట 1734లో, పిట్టు దొర గవర్నరుగా నున్న కాలమున, నేతగాండ్ర కొఱకు కట్టబడిన పేట. సుంకురామ శెట్టి తోట యుండిన నేల యది. చిన్న తఱి, అనగా చిన్న మగ్గము, అను తమిళ పదములనుండి ఆ పేరు పుట్టినదని చెప్పుదురు. చింతాద్రిపేటలోను, జార్జిటౌనులోను, పురశవాకములోను తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచుండెను. గెయిటీ కట్టినవాడు పిమ్మట కట్టించిన క్రౌను థియేటరు జార్జిటౌనులోని మింటు వీధిలోను, గ్లోబు థియేటరు పురశవాకములోను వెలసెను. మూడు శాలలును తెలుగిండ్లు గల పేటల చెంతనే పుట్టుట యాదృచ్ఛికమే కావచ్చును. వ్యాపారి చూచునది జనసమ్మర్దమునే కాని భాషను కాదని యనువారు అనవచ్చును. ఐనను తన టిక్కెట్టు కొనువారు ఎవరో తెలియకయే ఆయన మూడు తావులను ఎంచుకొనెనని నేను నమ్మజాలను.

ఆయన రఘుపతి వెంకయ్యనాయుడుగారు. 1869లో మచిలీపట్నమున జన్మించి, చెన్నపట్నము చేరి, ఛాయాచిత్రములు తీయు వృత్తిలో స్థిరపడిరి. 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి విని దానిని తెప్పించిరి. వెల ముప్పది వేల రూపాయలని చెప్పుదురు. ఆ కాలమున అది ఎంత సొమ్మో పాఠకులే ఊహింపవచ్చును. ఆ యంత్రముతో తొలుత చెన్నపట్నమున డేరా వేసి ఆటలాడించి, పిదప దక్షిణ దేశపు పట్టణములకును, బర్మా సింహళములకును తీసికొనిపోయిరి. ఊరూర తిరిగి తిరిగి, నిలుకడగా నుండు శాల యొకటి కావలెనని తోచి గెయిటీని కట్టించిరి. ఆయన కుమారుడు ప్రకాశ్ విదేశములలో ఈ విద్య నభ్యసించి వచ్చిన పిమ్మట 1921లో తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్టు అను సంస్థను స్థాపించి "భీష్మప్రతిజ్ఞ"ను తీసిరి. వెంకయ్యగారు 1941లో గతించిరి. తెలుగు చలనచిత్ర పితామహుడను బిరుదముతో వారిని తలచుచున్నాము. 1980లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారి పేర పురస్కారమును నెలకొల్పెను.

పితామహత్వమును నిర్ణయించువారు సాధారణముగా "భీష్మప్రతిజ్ఞ"తో లెక్క మొదలుపెట్టుదురు. నా దృష్టిలో లెక్క అంతకు పదేండ్లు ముందే, డేరాలోని యంత్రముతో మొదలుకావలెను. క్రోనోమెగాఫోను వట్టి బొమ్మల యంత్రము కాదు. ఒక ప్రక్క ఫిలిము, మఱొక ప్రక్క గ్రామఫోను పళ్ళెము. రెండింటిని ఒకే క్షణమున కదలించి, బొమ్మ పెదవులు విప్పినప్పుడే పాట వినబడునట్లు నడపవలెను. టాకీలు రాక పూర్వము ఇరువదియేండ్లకే బొమ్మకును మాటకును పొత్తు కుదుర్చు పని ఆ డేరాలో జరిగినది. అది తెలుగుమాట కాదు, నిజమే. కాని ఆ పొత్తు కుదిర్చినది తెలుగుచేయి.

ఆనాటి ఆపరేటరు పని యెట్టిదో నేటివారికి తెలియుట కష్టము. మూగచిత్రముల కాలమున యంత్రమును చేతితో త్రిప్పెడివారు. క్షణమునకు పదునాఱు బొమ్మలు పోవలెనని వాడుక. చేయి అలసినచో తెరమీది గుఱ్ఱము నడచును. ఉత్సాహము హెచ్చినచో ముసలివాడును పరుగిడును. ఫిలిము నైట్రేటుతో చేయబడినది. దానికి నిప్పంటుకొన్నచో నీళ్ళు చల్లినను ఆరదు. తన ప్రాణవాయువును తానే పుట్టించుకొని నీటి క్రిందను మండును. అందువలననే 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము, దాని ననుసరించిన నిబంధనలును ప్రేక్షకుల రక్షణమునకు ఎక్కువ ప్రాముఖ్యము నిచ్చినవి. ఆపరేటరు గది గోడలు మండనివిగా నుండవలెను. గోడకంతలకు ఇనుపరేకు తలుపులుండి, నిప్పు పుట్టిన వెంటనే పడిపోవలెను. ఇసుక బకెట్లు చేతికందునంత దూరమున నుండవలెను. నిప్పు శాలలోనికి పోకుండుటకు చేసిన యేర్పాటిది. లోపల నున్న మనుష్యుని సంగతి, రేకు తలుపులు పడిన తరువాత, అతడే చూచుకొనవలెను.

మూగచిత్రములకు మాటలు లేకపోయినను భాష లేకపోలేదు. తెరప్రక్కన నిలిచి కథ చెప్పు వ్యాఖ్యాత యుండెడివాడు. చదువురానివారికి అతని గొంతే కథ. తెరమీది అక్షరములను పైకి చదివి, పాత్రలకు ప్రాణము పోసి, నడుమ నడుమ హాస్యము కలిపి యాతడు శాల నెల్ల తన గుప్పిట నుంచుకొనెడివాడు. ఈ వ్యాఖ్యాతలను గూర్చి వేఱొక వ్యాసమే వ్రాయవచ్చును.

1931 అక్టోబరు 31వ తేదీన జార్జిటౌను ప్రాంతమునందలి కినిమా సెంట్రలు అను శాలలో "కాళిదాసు" విడుదలయ్యెను. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన యీ చిత్రమును తమిళులు తమ తొలి టాకీగా లెక్కింతురు, న్యాయమే. కాని అందు తెలుగు మాటలును పాటలును కూడ వినబడెను. ఆ రెడ్డిగారే తీసిన "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలై తొలి తెలుగు టాకీ యయ్యెను. కనుక తెలుగుమాట తెరమీద మొదట పలికినది మన చెన్నపట్నములోనే, తమిళముతో కలసి, ఒకే రీలులో. ఈ నగరమున రెండు భాషలును ఎట్లు బ్రదికెనో తెలుపుటకు ఇంతకన్న సూటియైన సాక్ష్యము నాకు కానరాలేదు.

టాకీలతో వ్యాఖ్యాత గొంతు మూగపోయెను. ఆపరేటరు చేయి కట్టువడెను. ధ్వని కలిసిన ఫిలిము క్షణమునకు ఇరువదినాలుగు బొమ్మల చొప్పున, తప్పక, మోటారు బలముతోనే నడవవలెను. ఫిలిము అంచున నున్న ధ్వనిరేఖ తన బొమ్మకన్న సుమారు ఇరువది బొమ్మల దూరము ముందుగా అచ్చువేయబడి యుండును. ఏలయన బొమ్మను చూపు కిటికీ పైనను, ధ్వనిని గ్రహించు దీపము క్రిందను ఉండును. రెంటి నడుమ ఫిలిమును వదలు మడత కొంచెము పెరిగినను, తగ్గినను, పెదవికిని మాటకును చెడును. వెంకయ్యగారి డేరాలో పళ్ళెముతో చేసిన పొత్తునే యిప్పుడు ఒక్క మడతతో చేయవలసివచ్చెను.

ఇక మా పేట టాకీసును గూర్చి చెప్పెదను. దాని పేరు వ్రాయను. చివరికి ఆ యజమానులు పనివారియెడల నడచుకొన్న తీరును చెప్పవలసియుండుటచే పేరు మఱుగుపఱచుటయే మేలనుకొంటిని. ఉత్తర చెన్నపట్నములో, సగము తెలుగిండ్లు, సగము తమిళిండ్లు గల వీధి చివర నుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి చెన్నపట్నము మద్రాసు రాష్ట్రముననే నిలిచినప్పుడు, మా వీధివారు ఒక్క యడుగైనను వేయకయే పొరుగు రాష్ట్రమువారైరి. అంతకు ముందటి డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణములు విడిచినదియు ఈ నగరముననే. ఆ తరువాత రెండేండ్లకు, 1955లో, మా పెదతండ్రిగారు పదునేడవ యేట ఆ టాకీసులో రీళ్ళు చుట్టు పనికి కుదిరిరి. నాలుగైదేండ్లకు పరీక్ష నిచ్చి ఆపరేటరు లైసెన్సు సంపాదించిరి.

నేను ఆ గదిని తొలుత చూచినది 1989లో. ఇనుప మెట్లెక్కి, ఇనుపతలుపు త్రోసి లోనికి పోవలెను. లోపల రెండు యంత్రములు, కాటుకపట్టిన పొగగొట్టములు, ఒక మూల రెక్టిఫయరు, గోడకు ఇసుక బకెట్లు. యంత్రము వెనుకనున్న పెట్టెలో రెండు కార్బను కడ్డీలు ఎదురెదురుగా నుండును. వానిని అంటించి చప్పున విడదీసినచో నడుమ విద్యుత్తు మండి, కంటితో చూడరాని తెల్లని వెలుగు పుట్టును. మండినకొలది కడ్డీలు అరగుచుండును. ఆ యెడము పెరుగనీయక, తగ్గనీయక మరలను త్రిప్పుచు సరిచూచుచుండవలెను. ఎడము చెడినచో తెర పసుపువన్నెకు తిరుగును. మఱియు అశ్రద్ధ చేసినచో ఆరిపోవును. అప్పుడు శాలలో ఈలలు మొదలగును. నల్లని అద్దపుముక్కగుండా ఆ వెలుగును చూచుటకు నాకు అనుమతి దొరకినది. దానిని గొప్ప బహుమానముగా భావించితిని.

వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములకు ముగియును. రెండింటిని ఒక చక్రమునకు చుట్టినచో ఇరువదిరెండు నిమిషములు. పదునైదువేల అడుగుల చిత్రము రెండు గంటల నలుబదియేడు నిమిషములు పట్టును; అనగా ఒక ఆటలో ఏడుమాఱులు ఒక యంత్రమునుండి మఱొక యంత్రమునకు మారవలెను. రీలు ముగియుటకు కొన్ని క్షణముల ముందు తెరపై కుడిప్రక్క మూలను ఒక చుక్క కనబడును. అప్పుడు రెండవ యంత్రపు మోటారు కదలించవలెను. రెండవ చుక్క కనబడగనే వెలుగు మార్చవలెను. శాలలోనివారికి ఆ చుక్కలు కనబడినను తోచవు. మా పెదతండ్రిగారికి ఆ చుక్కలు తప్ప మఱేమియు కనబడలేదు. ఒక చిత్రమును నూఱుమాఱులు ఆడించియు దాని కథ యడిగినచో "నాకేమి తెలియునురా, మాటలు తెలియును" అనెడివారు. నిజముగనే మాటలన్నియు కంఠస్థములు. కంతలోనుండి చూచి, "ఆ పిల్ల పెదవి ముందు, మాట వెనుక, మడత సడలినది" అని లేచి సరిచేసెడివారు. ఆ శ్రద్ధ తమిళ చిత్రములయెడ ఒకపాలు, తెలుగు చిత్రములయెడ రెండుపాళ్ళు అని తోటివాడు ఎగతాళి చేయగా, "అవి ఆదివారము ఉదయము ఒక్క ఆటయే కదా" అని బదులు చెప్పిరి. నేను విన్నాను.

ఆదివారపు ఉదయపు ఆటయే మా వీధికి తెలుగు ఆట. తక్కిన వారమంతయు తమిళ చిత్రములు నడచెడివి. శనివారము సాయంకాలము గోడలపై తెలుగు అక్షరముల పోస్టరులు వెలసెడివి. ఆ రోజులలో మా పేటలో ఇంటి బయట తెలుగు లిపి కనబడు తావులు మూడు: కోవెల గోడ, మా పాఠశాల పలక, ఆ పోస్టరు. నేను చదివినది తెలుగు పాఠశాలయే. ఐనను "క్ష" అను అక్షరమును నేను గుర్తించినది బడిలో కాదు. ఆపరేటరు గది తలుపున కంటించిన పోస్టరుమీద. ఉపాధ్యాయునిగా ఈ మాట చెప్పుటకు కొంత సిగ్గే.

పెదతండ్రిగారికి ఒక లెక్కపుస్తకముండెను. వచ్చిన ప్రతి ప్రింటు స్థితిని అందు వ్రాసెడివారు: ఏ రీలు ఎన్ని అడుగులు తక్కువ, ఎచ్చట చిరిగినది, ఎచ్చట గీతలు, ఏ పాట నడుమ ముక్క ఎగిరిపోయినది. ఫిలిము తెగినచో అంచును గీకి, ద్రావకము పూసి, అదిమి అతికెడివారు. ప్రతి అతుకునకు రెండు మూడు బొమ్మలు పోవును. ఆ పోయిన బొమ్మలకును లెక్క వ్రాసిరి. వ్రాసినది తెలుగులో. ప్రింటుతోపాటు తరువాతి శాలకు ఒక నకలు పంపు ఆచారము వారు పెట్టుకొనిరి కాని, అచ్చటి ఆపరేటరు తమిళుడగుటచే చదువలేకపోయెను. పిమ్మట ఇద్దరును కలసి గుర్తులు ఏర్పఱచుకొనిరి: అడ్డగీత చిరుగునకు, సున్న అతుకునకు, రెండు సున్నలు ధ్వని చెడిన చోటునకు. ఇరువదియేండ్లు ఆ గుర్తులతో ఇరువురకును ఉత్తరప్రత్యుత్తరములు నడచెను.

వారి ఎడమ ముంజేతిమీద రూపాయి బిళ్ళంత మచ్చ యుండెను. మండుచున్న కార్బను తునక రాలి కాల్చినది. 1998లో టాకీసు మూతపడినప్పుడు నలుబదిమూడేండ్ల కొలువునకు యజమానులు ఒక నెల జీతమిచ్చి పంపిరి. వారు న్యాయస్థానమునకు పోలేదు. "ఎవరితో పోరాడవలెను? యంత్రమే పోయినది" అనిరి. నాకు మాత్రము ఆ మాట నేటికిని మింగుడుపడలేదు.

మా టాకీసు పోయిన పదునైదేండ్లలోపుననే దేశమంతట సినిమాశాలలనుండి ఫిలిమే తప్పుకొనెను. చిత్రము కంప్యూటరు పెట్టెలలో వచ్చుచున్నది. చుక్కలు లేవు, కడ్డీలు లేవు, అతుకులు లేవు. దానికి విచారించు పని లేదు; బొమ్మ స్పష్టముగ నున్నది, ఎవరి ముంజేయియు కాలదు. విచారింపవలసినది వేఱొకటి. "భీష్మప్రతిజ్ఞ" ప్రింటు నేడు లేదు. "కాళిదాసు" లేదు. "భక్త ప్రహ్లాద" లేదు. గెయిటీ లేదు. చిత్రములును శాలలును పోయిన పిమ్మట ఆ చరిత్రకు ఆధారములుగా మిగులునవి లైసెన్సులు, లెక్కపుస్తకములు, గాజు స్లైడులు, కరపత్రములు. ఇవన్నియు మన ఇండ్ల అటకలమీద చెదలు పట్టుచున్నవి. చదువగలవారు ఉన్నప్పుడే వానిని వెలికి తీయవలెను.

చదువగలవారను మాట ఊరక వ్రాయలేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము తప్పనిసరి యయ్యెను. 2016 నాటికి ఆ విధానము పదవ తరగతి పరీక్షకు చేరినది. అల్పసంఖ్యాక భాషలవారి మినహాయింపు కోరికలు న్యాయస్థానములకెక్కినవి. తమిళము నేర్చుటను నేను ఆక్షేపింపను; నేనును నేర్చితిని, దానివలన నాకు లాభమే కలిగినది. కాని మాతృభాషకు మిగిలిన గంటలు తగ్గినవి. మా బడిలో ఇంట తెలుగు ధారాళముగ మాటలాడు పిల్లలు ఒక పంక్తి తెలుగు చదువుటకు తడబడుచున్నారు.

పెదతండ్రిగారు గతించిన పిమ్మట వారి లైసెన్సును, లెక్కపుస్తకమును మా పాఠశాల గ్రంథాలయపు అద్దాల బీరువాలో ఉంచితిని. క్రిందటి యేడు ఎనిమిదవ తరగతి పిల్లలచేత దానిని చదివించితిని. అడ్డగీతలు, సున్నలు వారికి వెంటనే బోధపడినవి. అక్షరములకే కాలము పట్టినది. కడపటి పుట టాకీసు మూతపడుటకు వారము దినముల ముందు వ్రాసినది. ఒక పిల్ల వ్రేలు పెట్టి, కూడబలుకుకొనుచు చదివెను: "కార్బను కడ్డీలు రెండు జతలే మిగిలినవి. తెప్పింపవలెను."